ఒక్క బల్బు మారిస్తే చాలు

నేను పుట్టకముందే రోడ్డెక్కిన కారది. 1953 మోడల్. అమ్మినాయన మర్యాదస్తుడే. "అంతా బాగుందండీ, కుడివైపు హెడ్‌లైటే వెలగదు. ఒక్క బల్బు మారిస్తే చాలు" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బల్బు దాకా ఎలా చేరుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఆ రోజే బల్బు కొనేశాను. వచ్చినవాళ్లందరికీ కారు చూపించి, "1950ల నాటి కార్లలో చాలావాటికి మల్లే దీనికీ 6 వోల్టుల బ్యాటరీయే, తెలుసా?" అని పాఠం చెప్పాను. తర్వాత స్క్రూ డ్రైవర్ పట్టాను.

హెడ్‌లైటు రింగుకు మూడు స్క్రూలు. రెండు వచ్చాయి. మూడోది తుప్పుతో బిగుసుకుపోయింది. ఆయిల్ కొట్టి రాత్రంతా నాననివ్వమని తెలిసినవాళ్లు చెప్పారు. నేను పావుగంట నాననిచ్చి, బలమంతా పెట్టి తిప్పాను. తిరిగిందని సంబరపడేలోపే తల నా చేతికొచ్చింది. మొండెం లోపలే ఉండిపోయింది.

దాన్ని తీయబోతే డ్రిల్లు జారి మడ్‌గార్డు మీద పడింది. పెయింటు పెచ్చు లేచింది. కింద ఇనుము ఉంటుందనుకున్నాను, గులాబీ రంగు పుట్టీ పలకరించింది. అనుమానమొచ్చి ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తెచ్చి కారంతా ఆనించి చూశాను. అది నిలబడిన చోట రేకు, జారిపడిన చోట పుట్టీ. ఆ సాయంత్రం బొమ్మను వంగి తీసి, వంగి తీసి నడుం పట్టేసింది.

టింకరింగ్ మేస్త్రీ వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా లోపలి మ్యాటు ఎత్తి, "చూడండి సార్" అన్నాడు. నేల కనిపించింది. కారు నేల కాదు, షెడ్డు నేల. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుందట, అసలుకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పక్క రేకుల్ని కూడా విడదీస్తుందట. పైకి శనగగింజంత బుడగ కనిపిస్తే లోపల అరచెయ్యంత చిల్లు ఉంటుందని ఆయన లెక్క. నా కారుకు అలాంటి శనగలు దోసెడు ఉన్నాయి.

అప్పటినుంచి రెండు లెక్కల పుస్తకాలు పెట్టాను. ఒకటి మా ఆవిడకు చూపించేది, ఇంకోటి నాకు నేను చూపించుకునేది. ఖర్చు కారు కొన్న ధరకు మూడింతలు దాటిన రోజున రెండోది రాయడం మానేశాను.

బంపరుకు క్రోమ్ అంటే వెండి రంగు పూస్తారనుకున్నాను. కాదు. పాత పూత ఊడదీయాలి, సొట్టలు సరిచేయాలి, రాగి పూత వేయాలి, దానిమీద నికెల్, ఆపైన క్రోమియం. ఆ చివరి పొర వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. బిల్లు మాత్రం బాగా మందంగా వచ్చింది.

పెయింటు కొట్టడం ఒక్క రోజు పని. దానికి ముందు గరుకు కాగితంతో రుద్దడం నెలన్నర. తళతళలాడే మడ్‌గార్డు చూసి కళ్లు చెమర్చాయి. మర్నాడే బ్రేకుల్లో గాలి తీయడానికి కూర్చున్నాం. మా ఆవిడ పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. తొక్కు, వదులు, తొక్కు, వదులు. మధ్యలో బ్రేక్ ఆయిల్ నింపబోయి మడ్‌గార్డు మీద ఒలకబోశాను. వెంటనే నీళ్లు కొట్టి కడగాలట. నేను గుడ్డతో శ్రద్ధగా తుడిచాను.

"ఏమండీ, గుడ్డకు రంగు భలే పట్టిందే!" అంది మా ఆవిడ.

ఏడాదిన్నర గడిచింది. మడ్‌గార్డుకు రెండోసారి పెయింటు ఆరింది. మొదటి రోజు కొన్న బల్బును అపురూపంగా తీసి పెట్టి, రింగు బిగించి స్విచ్ వేశాను. ఎడమ లైటు బాగానే వెలిగింది. కుడిది మిణుగురు పురుగులా మినుక్కుమంది. బ్యాటరీ చూశాను, వైర్లు చూశాను, ఎర్తు గీకి మళ్లీ బిగించాను. మా ఆవిడ ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"దీనిమీద 12 వోల్టులని ఉందండీ. మన కారుది 6 అని ఊరంతా చెప్పింది మీరే కదా?"

మళ్లీ స్క్రూ డ్రైవర్ పట్టుకున్నాను. కొత్త స్క్రూలు కదా, రెండు ఇట్టే వచ్చేశాయి.