పీహెచ్‌డీ వెతుకులాటలో మొదటి ప్రశ్న: జీతం ఎవరిస్తారు?

పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారిలో చాలామంది ముందు విశ్వవిద్యాలయాల ర్యాంకులు చూస్తారు. నెలల సమయం అక్కడే కరిగిపోతుంది. నన్నడిగితే, మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: మీ శాస్త్రంలో పరిశోధక విద్యార్థికి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? అది తెలిస్తే పోస్టులు ఎక్కడ పుడతాయో తెలిసినట్టే.

జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంజినీరింగ్‌లలో చాలా పోస్టులు గైడ్‌కు మంజూరైన ప్రాజెక్టులోంచి వస్తాయి. ఏం తేల్చాలో ముందే నిర్ణయమై ఉంటుంది, పనిచేసేవారు కావాలి. నిధులిచ్చే సంస్థలు మంజూరైన ప్రాజెక్టుల వివరాలను బహిరంగంగానే పెడతాయి. యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులు కోర్డిస్ వెబ్‌సైట్‌లో, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులిచ్చే ప్రాజెక్టులు రిపోర్టర్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కొత్తగా గ్రాంటు వచ్చిన ల్యాబును అక్కడ గుర్తుపడితే, నోటిఫికేషన్ రాకముందే ఉత్తరం రాయవచ్చు.

చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యాలలో చాలాచోట్ల ప్రశ్నను అభ్యర్థే వెంట తీసుకువెళ్లాలి. అక్కడ నోటిఫికేషన్ల కోసం కాచుకుని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. పరిశోధన ప్రతిపాదనను రాసి, చూపించి, తిరగరాసుకోవడంలోనే వెతుకులాట అంతా ఉంది. పీహెచ్‌డీ దాటాక గణితానికి మ్యాథ్‌జాబ్స్, కణభౌతికానికి ఇన్‌స్పైర్, అర్థశాస్త్రానికి అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ జాబితా వంటి సొంత ఉద్యోగ ప్రకటనల వేదికలున్నాయి.

దేశాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. నెదర్లాండ్స్, స్వీడన్, నార్వేలలో పీహెచ్‌డీ ఎక్కువగా జీతమున్న ఉద్యోగం. అమెరికాలో అది డిపార్ట్‌మెంట్ ఇచ్చే ప్రవేశం. అక్కడ నిధులతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వాలని ఒత్తిడి చేయబోమని అనేక విశ్వవిద్యాలయాలు ఒక తీర్మానంపై సంతకం చేశాయి. ఈ సంగతి తెలియక తొందరపడి ఒప్పుకున్నవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో పీహెచ్‌డీ విద్యార్థులను నియమించుకునే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు మరో నిబంధన ఉంది: నియామకానికి ముందటి 36 నెలల్లో 12 నెలలకు మించి చేరబోయే దేశంలో ఉండి ఉండకూడదు. దరఖాస్తుకు ముందే ఈ లెక్క చూసుకోవాలి.

నోటిఫికేషన్‌ను మాట మాటకూ ఆగి చదవండి. నాలుగేళ్ల పరిశోధనకు రెండేళ్ల జీతమే రాసి ఉంటే, మిగిలిన రెండేళ్లు ఎవరిస్తారో రాతపూర్వకంగా అడగాలి. ఈ భారాన్ని ఇరవై మూడేళ్ల యువతీయువకుల మీదికి నెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఖాళీల కబురు పరిచయాలున్నవారి చెవిన మాత్రమే పడటం కూడా అంతే అన్యాయం. వెనుక ఎవరూ లేనివారికి బహిరంగ ప్రకటన ఒక్కటే దారి.

ఇక ఉత్తరం. ‘మీ పరిశోధన నాకెంతో నచ్చింది’ అన్న వాక్యం ఎవరికైనా పంపవచ్చు కాబట్టి ఎవరినీ కదిలించదు. ‘మీ పత్రంలోని నాలుగో పటంలో నమూనా వేడికి చీలిందన్నారు, తేమ వల్ల అయ్యే అవకాశాన్ని పరిశీలించారా?’ అని రాస్తే, ఆ పత్రాన్ని నిజంగా చదివారని గైడ్‌కు అర్థమవుతుంది.

జవాబు వచ్చాక, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థితో విడిగా మాట్లాడండి. ఇంతకుముందు చేరినవారిలో ఎందరు పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఎందరు మధ్యలో వెళ్లిపోయారు? ఇవే ప్రశ్నలు గైడ్‌నూ అడగండి. ఇద్దరూ ఒకే లెక్క తడుముకోకుండా చెబితే, ర్యాంకు ఎంతైనా అక్కడ దరఖాస్తు పెట్టమనే నేను చెబుతాను.