డాబా మీద మత్తు వదలరా

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీగారు పెట్టిన మెసేజ్ ఇదీ: "శనివారం సాయంత్రం ఏడింటికి డాబా మీద మత్తు వదలరా. ఫ్లాటుకి 500. బిర్యానీ ఉంటుంది. అందరూ కుటుంబసమేతంగా రావలెను."

అది సినిమా పేరన్న ముక్క మాత్రం రాయలేదు.

నాలుగో అంతస్తు మామ్మగారు పట్టుచీర కట్టుకుని, ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆవిడకి ఆ మాట వింటే గుర్తొచ్చేది 1966లో వచ్చిన శ్రీకృష్ణ పాండవీయంలో ఆ మాటతోనే మొదలయ్యే పాట, ఎన్టీఆర్ కృష్ణుడు, ఘంటసాల గొంతు. ఫస్ట్ ఫ్లోర్ ఆవిడ వాళ్లాయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకొచ్చింది. ఎవరో మందు మాన్పించే ప్రోగ్రాం పెట్టారనుకుందట. "డాక్టరుగారు ఎప్పుడొస్తారండీ?" అని రెండుసార్లు అడిగింది. రిటైర్డ్ ఎస్సైగారు మాత్రం బిర్యానీ అన్న ముక్క చదివి వచ్చారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మెసేజ్‌లో స్పష్టంగా ఉన్న విషయం అదొక్కటే.

వాటర్ ట్యాంకుకి దుప్పటి కట్టి ప్రొజెక్టర్ ఆన్ చేసింది మూడో ఫ్లోర్ కుర్రాడు. "కామెడీనే కదా బాబూ?" అని సెక్రటరీగారు అడిగితే, "డార్క్ కామెడీ అంకుల్" అన్నాడు. చావుల్లోంచి, నేరాల్లోంచి నవ్వు పుట్టించే రకమని తెలియక, లైట్లు ఆర్పేసి చూడాలి కాబోలనుకుని ఆయన డాబా మీద ఉన్న ఒక్క బల్బూ ఆర్పేయించారు.

సినిమా 2019 డిసెంబరులో వచ్చింది. దర్శకుడు రితేష్ రానా. కీరవాణిగారి పెద్దబ్బాయి కాలభైరవ సంగీతం, చిన్నబ్బాయి శ్రీసింహా హీరో. జీతం చాలని డెలివరీ కుర్రాడి కథ. ఇంటికి పార్సిల్ తెచ్చి, కస్టమర్ ఇచ్చిన డబ్బు లెక్కపెడుతూ ఒక 500 నోటు కింద జారవిడిచి, "ఒకటి తగ్గింది మేడమ్" అనడం ఎలాగో రూమ్మేట్ ఏసుదాసు వాడికి నేర్పిస్తాడు. ఏసుదాసుగా వేసిన సత్య నోరు తెరిస్తే చాలు, పిల్లలు కుర్చీల్లోంచి జారిపోతున్నారు. ఆ విద్య హీరో మొదటిసారి ప్రయోగించింది ఒక ముసలావిడ మీద. పెనుగులాటలో ఆవిడ కింద పడి, ఇక లేవదు.

"అయ్యో అయ్యో, ఏంటండీ ఇది! ముసలమ్మ చచ్చిపోతే నవ్వుతారేంటి?" అని ఫస్ట్ ఫ్లోర్ ఆవిడ లేచి నిలబడింది. ఇదే ఆవిడ మనీ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా మా తలుపు కొట్టి మరీ చెబుతుంది. 1993 నాటి ఆ సినిమాలో జయసుధని కిడ్నాప్ చేస్తే, పీడా వదిలిందని మొగుడు సంబరపడతాడు. అందులో బ్రహ్మానందం ఖాన్ దాదాగా నడిచొస్తుంటే ఈవిడకి నవ్వాగక కళ్లు తుడుచుకుంటుంది. అది వేరట, ఇది వేరట. ఎందుకు వేరో అడిగితే, "అందులో బ్రహ్మానందం ఉన్నాడు కదండీ" అంది. కాదనలేని పాయింటు.

ఎస్సైగారి అభ్యంతరం ఇంకో రకం. శవం కనబడగానే 112కి ఫోన్ చెయ్యకుండా హీరో అటూ ఇటూ పరిగెత్తడం ఆయనకి నచ్చలేదు. "వేలిముద్రలన్నీ చెరిపేస్తున్నాడు, వెధవ!" అని పళ్లు కొరికారు. ఇన్సూరెన్స్ చేసే సెకండ్ ఫ్లోర్ ఆయన, ఆ ముసలావిడకి పాలసీ ఉందో లేదో, నామినీ ఎవరో చెప్పలేదేమని గొణిగాడు. కీరవాణి కొడుకులై ఉండి డ్యూయెట్ లేకుండా ఎలా తీశారని ఒకరు. మామ్మగారొక్కరే నోరెత్తలేదు. కృష్ణుడు ఎలాగూ రాలేదు గానీ, ఆ సినిమాలో టీవీలో ఒక సీరియల్ వస్తుంటుంది, ఓరి నా కొడకా అని. మన సీరియళ్ల మీద వేసిన సెటైరది. ఒక్క మాటకి ఇంటిల్లిపాది మొహాల మీదికీ కెమెరా తిరిగి తిరిగి వస్తుంది. పిల్లలు పగలబడి నవ్వుతుంటే ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "పాపం" అన్నారు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీదినుంచి, వీపున పెద్ద డబ్బా బ్యాగుతో, హెల్మెట్ తియ్యకుండా ఒక ఆకారం డాబా మీదికొచ్చి, "బిర్యానీ ఆర్డర్ ఎవరిదండీ?" అంది.

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. హెల్మెట్ తీసేసరికి చూస్తే పాపం ఇరవై ఏళ్ల పిల్లాడు. ఇంతమంది తనకోసమే ఎదురుచూస్తున్నారనుకుని నమస్కారం పెట్టాడు.

బిల్లు 6,900. సెక్రటరీగారు జేబులోంచి కవరు తీశారు. పద్నాలుగు ఫ్లాట్లు, ఫ్లాటుకి 500, మొత్తం 7,000. పొద్దున్నే రిజిస్టర్లో టిక్కులన్నీ పడ్డాయి. ప్రొజెక్టర్ వెలుగులో నోట్లు విసనకర్రలా విప్పి చూపించారు. కుర్రాడు చూపుడువేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టి, చాలా మర్యాదగా అన్నాడు:

"సార్, ఒకటి తగ్గింది."

డాబా మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మూడో ఫ్లోర్ కుర్రాడు సినిమా ఆపేశాడు. "చూశారా! చూశారా! సేమ్ టు సేమ్!" అని ఫస్ట్ ఫ్లోర్ ఆవిడ కేక. ఇరవై ఫోన్లలో టార్చిలు వెలిగాయి. కుర్చీలు ఎత్తారు, చాపలు దులిపారు. ఎస్సైగారికైతే సర్వీసు తిరిగొచ్చినట్టయింది. "ఎవరూ కదలొద్దు!" అని ముందుకొచ్చి, కుర్రాడి చేత బూట్లు విప్పించి, సాక్సులు తిరగేయించి, బ్యాగులో బిర్యానీ డబ్బాలు ఒక్కొక్కటీ తీయించారు. రైతా ప్యాకెట్లు కూడా టార్చి వెలుగులో పరీక్షించారు. మధ్యలో ఒక లెగ్ పీసు రుచి చూసినట్టు నాకు అనుమానం. విచారణలో భాగమే అయ్యుంటుంది.

కుర్రాడు మాత్రం చలించలేదు. "సార్, ఈ సినిమా నేను రిలీజప్పుడే చూశాను. చూసినవాళ్లు మా చేతికి నోట్లివ్వాలంటే భయపడతారు. అందుకే నేను ఎప్పుడూ ముట్టుకోను, మీ చేతిలో ఉండగానే లెక్కపెడతాను. ఇంతవరకు మీ డబ్బు నేను తాకలేదు" అన్నాడు.

నిజమే. కవరు ఇంకా సెక్రటరీగారి చేతిలోనే ఉంది.

అప్పుడు రిజిస్టర్ తెప్పించారు. సెక్రటరీగారు కళ్లజోడు సవరించుకుని ఒక్కో ఫ్లాటు పేరు చదువుతుంటే, ఇచ్చినవాళ్లు చెయ్యెత్తారు. 302 దగ్గర ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చదివారు. ఎస్సైగారు ఒక చేత్తో రైతా ప్యాకెట్టు పట్టుకుని, ఆకాశంలోకి చూస్తున్నారు.

"మీరు సాయంత్రం ఇస్తానన్నారు కదండీ... నేను టిక్కు పెట్టేసుకున్నాను" అన్నారు సెక్రటరీగారు నీళ్లు నములుతూ.

"డ్యూటీ ధ్యాసలో పడి మర్చిపోయానయ్యా" అన్నారు ఎస్సైగారు. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఫోన్‌లో అక్కడికక్కడే కొట్టేశారు. డబ్బు పడినట్టు ఫోన్ గట్టిగా అరిస్తే, సినిమా మొత్తానికి రానంత నవ్వొచ్చింది డాబా మీద. ఫస్ట్ ఫ్లోర్ ఆయన ఈల కూడా వేశాడు. వాళ్లావిడ కొరకొరా చూసింది.

కుర్రాడికి కుర్చీ వేసి, చిల్లర 100 ఉంచుకోమని చెప్పి, ఎవరో అడిగారు: "ఇంతకీ సినిమా ఎలా ఉంది తమ్ముడూ?"

"బానే ఉంది సార్. కానీ ఒక్క ఇంట్లో అంతసేపు ఎలా ఉంటాడు సార్? ఆపాటికి మాకు ఆర్డర్ ఎక్కడని నాలుగు ఫోన్లొస్తాయి" అని సాక్సులు వేసుకుంటూ చెప్పాడు. ఆ సాయంత్రం విన్న సమీక్షల్లో నాకు బుర్రకెక్కింది ఇదొక్కటే. వాడి ఫోన్ మోగింది, వెళ్లిపోయాడు.

సినిమా మళ్లీ మొదలైంది గానీ, జనం బిర్యానీలో పడ్డారు. అసలు గుట్టు తేలే సమయానికి సగంమంది చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. రెండో భాగం 2024లో వచ్చిందని, వచ్చే శనివారం అది వేస్తానని కుర్రాడు ప్రకటిస్తే, ఎస్సైగారు ఊళ్లో ఉండనన్నారు.

మామ్మగారికి మాత్రం మనసు సీరియల్ మీదే ఉంది. అది ఏ ఛానెల్లో, ఎన్ని గంటలకి వస్తుందో చెప్పమని అందర్నీ అడిగారు. అది ఉత్తుత్తి సీరియల్ మామ్మగారూ, సినిమా కోసం తీశారంటే నమ్మలేదు. సోమవారం పొద్దున్నే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశారట. ఆ ఛానెల్ మీ ప్యాకేజీలో లేదమ్మా, నెలకి ఇంకో నలభై కడితే వస్తుందన్నాడట. కట్టేశారు.