రాగి గ్లాసులో నిమ్మరసం ఆరోగ్యమట!

గృహప్రవేశాలూ పెళ్ళిళ్ళూ మొదలయ్యే వేళకు వాట్సాప్ బృందాల్లో ఒక పొడవాటి సందేశం మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. ఇంటికి వచ్చిన అతిథికి ఏ పానీయం ఏ గ్లాసులో ఇవ్వాలో చెబుతున్నానంటూ అది ఆరు మాటలు చెబుతుంది. నిమ్మరసం, మజ్జిగ రాగి గ్లాసుల్లో ఇస్తే ఒంటికి మంచిదని మొదటి మాట. అయస్కాంతం అంటుకునే స్టీలు గ్లాసు నకిలీదని రెండవది. బరువుగా ఉండి, వేలితో మీటితే మోగే క్రిస్టల్ గాజే స్వచ్ఛమైనదని, పానీయాలను అందులోనే నిల్వ ఉంచుకోవాలని మూడవది. గాజు ఎంత మందంగా ఉంటే వేడికి అంత తట్టుకుంటుందని నాలుగవది. గ్లాసు అంచు వెడల్పును బట్టి పానీయం నాలుక మీద తీపి తెలిసే చోటో పులుపు తెలిసే చోటో పడుతుందని అయిదవది. కాగితం కప్పుల్లో ప్లాస్టిక్ ఉండదని ఆరవది.

ఈ ఆరింటిలో ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టుగా నిలవదు. గ్లాసును ఎంచుకునేటప్పుడు అందులో పోయబోయేది ఎంత పుల్లనిది, ఎంత వేడిది, అందులో ఎంతసేపు ఉంటుంది అన్న మూడు సంగతులు చూడాలి. సందేశం రాసినవారు వీటిని వదిలేసి గ్లాసు బరువును, మోతను, మెరుపును, పాతకాలపు పేరును చూశారు. అందుకే చెప్పిన ప్రతి మాటా పక్కదారి పట్టింది.

మొదటి మాటనే ఎక్కువగా పట్టించుకోవాలి, ఎందుకంటే ఆరింటిలో అతిథికి అప్పటికప్పుడు హాని చేయగలిగినది అదొక్కటే. రాగి పాత్రలో నీళ్ళు నిల్వ ఉంచడం వల్ల మేలుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కలరా, విరేచనాలు కలిగించే బ్యాక్టీరియాను నీళ్ళలో కలిపి రాగి కుండల్లో 16 గంటలపాటు ఉంచితే అవి నశించాయని 2012లో మన దేశంలోనే పరిశోధకులు ప్రచురించారు. అప్పుడు నీళ్ళలోకి దిగిన రాగి లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు లోపే ఉంది. తాగునీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు కాబట్టి ఆ నీళ్ళతో భయపడవలసింది ఏమీ లేదు. అయితే ఆ ప్రయోగం చేసింది మామూలు నీళ్ళతో. సందేశం రాసినవారు నీళ్ళకు వర్తించే మాటను తీసుకొచ్చి నిమ్మరసానికీ మజ్జిగకూ అతికించారు. తప్పంతా ఆ అతుకులోనే ఉంది.

పులుపు రాగిని కరిగిస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, మన వంటింట్లోనే రుజువుంది. నల్లబడిన రాగి చెంబును చింతపండుతోనో, ఉప్పు అద్దిన నిమ్మచెక్కతోనో తోమితే అది క్షణాల్లో ఎర్రగా మెరుస్తుంది. చెంబు పైనున్న నల్లటి పొర ఎక్కడికీ మాయమైపోదు, ఆ పులుపులో కరిగి తోమిన నీళ్ళలో కలిసిపోతుంది. అదే చెంబులో అదే నిమ్మరసం పోసి అరగంట తరువాత అతిథి చేతికి ఇస్తే, తోమినప్పుడు కాలవలోకి పోయినది ఇప్పుడు అతిథి కడుపులోకి పోతుంది. పుల్లదనాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో (అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) నిమ్మరసం సుమారు 2 దగ్గర, నీళ్ళు కలిపిన షర్బత్తు 3 దగ్గర, మజ్జిగ నాలుగున్నర దగ్గర ఉంటాయి. అమెరికా ఆహార నియమావళి పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న ఏ ఆహారమూ పానీయమూ రాగికి గానీ ఇత్తడి వంటి రాగి మిశ్రమాలకు గానీ తగలకూడదని చెబుతుంది. అక్కడ రాగి మగ్గుల్లో ఇచ్చే, నిమ్మరసం కలిపిన ఒక మద్యపానీయం బాగా వాడుకలోకి వచ్చినప్పుడు, లోపల పూత లేని మగ్గులు వాడవద్దని 2017లో అయోవా రాష్ట్ర అధికారులు ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది. రాగి మోతాదు మించితే ముందు వచ్చేవి వికారం, వాంతులు, కడుపునొప్పి. అలాంటిది జరిగిన ఇంట్లో నింద పడేది పాపం వంటవాడి మీద. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవారికైతే రాగి పాత్రలోని మామూలు నీళ్ళు కూడా ఇవ్వకూడదు.

"మన పెద్దలు తరతరాలుగా వాడారు" అన్నది సందేశంలో ఈ మాటకు ఇచ్చిన ఆధారం. పెద్దలు వాడిన మాట నిజమే, కానీ ఎలా వాడారో సందేశం చెప్పలేదు. పులుసు కాచే ఇత్తడి గిన్నెకూ, మజ్జిగ పోసే రాగి పాత్రకూ లోపల కళాయి పూయించేవారు. వీధుల్లో తిరిగే కళాయివాడు పాత్రను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని కరిగించి గుడ్డతో లోపలంతా తెల్లగా పట్టించేవాడు. ఆ పూత అరిగి లోపలి ఎరుపు బయటపడితే మళ్ళీ కళాయి వేయించేదాకా ఆ పాత్రలో పులుపు పోసేవారు కాదు. పోస్తే పచ్చగా చిలుము పడుతుందని, చిలుము కడుపులోకి పోతే వాంతులవుతాయని ఇంట్లో అందరికీ తెలుసు. చిలుమన్న మాట మన భాషలో పుట్టి నిలిచిందంటే ఆ జాగ్రత్త ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఇప్పుడు బజారులో బహుమతి పెట్టెల్లో పెట్టి అమ్మే రాగి గ్లాసుల్లో చాలావాటికి లోపల ఏ పూతా ఉండదు, పైన మెరుపు కోసం లక్క వంటి పొర మాత్రం ఉంటుంది. పెద్దల పేరు చెప్పి పెద్దలు చేయని పనిని చేయమనడం ఈ సందేశంలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచిన సంగతి. ఇంట్లో రాగి గ్లాసులుంటే వాటిలో మంచినీళ్ళు ఇవ్వండి, చూడడానికీ బాగుంటుంది. నిమ్మరసానికీ మజ్జిగకూ స్టీలో గాజో తీయండి.

స్టీలు అంటే సందేశంలోని రెండవ మాట గుర్తుకు వస్తుంది. అయస్కాంతం పరీక్షను మన బజార్లలో కొనేవారే కాదు, అమ్మేవారు కూడా నమ్ముతారు. గ్లాసుల తయారీకి వాడే మంచి రకమైన 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దుకాణాల్లో దీన్నే 18-8 అంటారు. దీనికి అయస్కాంతం అంటుకోదన్నది సాధారణంగా నిజం. అయితే నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చవకగా చేసే 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు, తుప్పును తట్టుకునే గుణం మాత్రం దానికి తక్కువ. మరోవైపు, నికెల్ దాదాపు లేకుండా 16 నుంచి 18 శాతం క్రోమియంతో చేసే 430 రకానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, అయినా అది అసలైన స్టెయిన్‌లెస్ స్టీలే. అంటే ఈ పరీక్ష చవక రకాన్ని పాస్ చేసి, పనికొచ్చే రకాన్ని ఫెయిల్ చేయగలదు. పైగా రేకును లోతుగా సాగదీసి గ్లాసుగా మలిచినప్పుడు 304 రకం కూడా అంచుల దగ్గర, వంపుల దగ్గర కొద్దిగా అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. అందువల్ల గ్లాసు అడుగున ముద్రించిన రకం సంఖ్యను, బిల్లు ఇచ్చే దుకాణాన్ని నమ్ముకోవడమే మేలు. స్టీలు మీద క్రోమియం ఆక్సైడు పొర సన్నగా తనంతట తానే ఏర్పడి పులుపును ఆపుతుంది కాబట్టి షర్బత్తు గంటసేపు ఉన్నా ఇబ్బంది లేదు.

మూడవ మాటలో సగం నిజముంది, ఆ సగం కూడా తలకిందులుగా ఉంది. మీటితే గంటలా మోగే గాజు చాలాకాలం పాటు సీసం కలిపిన గాజే. లండన్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో హక్కు పొందిన పద్ధతి నుంచి సీసపు గాజు పేరుకెక్కింది. సీసం కలిపితే గాజు తక్కువ వేడిలో మెత్తబడి చెక్కడానికి అనువుగా ఉంటుంది, వెలుతురును ఎక్కువగా వంచి మెరుస్తుంది, బరువు పెరుగుతుంది. సీసపు క్రిస్టల్ అని పిలవాలంటే కనీసం 24 శాతం సీసపు ఆక్సైడు ఉండాలని ఐరోపా దేశాలు 1969లో నియమం పెట్టుకున్నాయి. అంటే సందేశం స్వచ్ఛతకు గుర్తులుగా చెప్పిన బరువూ మోతా నిజానికి సీసానికి గుర్తులు. (సీసాకూ సీసానికీ మాటలో కనిపించే చుట్టరికం కాకతాళీయమే, అందులో అర్థం వెతకకండి.) సీసపు గ్లాసులో పోసుకుని పది నిమిషాల్లో తాగేస్తే దిగే సీసం బహు తక్కువ. నిల్వ ఉంచినప్పుడే ప్రమాదం. క్రిస్టల్ సీసాల్లో నాలుగు నెలలు నిల్వ ఉంచిన పోర్ట్ వైన్‌లో లీటరుకు 2,000 నుంచి 5,000 మైక్రోగ్రాములకు పైబడి సీసం చేరిందని 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. తాగునీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములు. పానీయాలను అందులోనే నిల్వ ఉంచుకోమని సందేశం ఇచ్చిన సలహాను ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన పాత క్రిస్టల్ సీసా అలమరాలో ఉంటే విందు రాత్రి బల్ల మీద పెట్టుకోవచ్చు, మిగిలినది మాత్రం ఆ రాత్రే మామూలు గాజు సీసాలోకి ఒంపేయాలి. ఈ రోజుల్లో సీసానికి బదులు బేరియం, జింకు, టైటానియం ఆక్సైడులతో చేసే క్రిస్టల్ కూడా దొరుకుతోంది. పెట్టె మీద సీసం లేదని రాసి ఉన్నదే కొనండి.

మందమైన గాజు వేడికి తట్టుకుంటుందన్న నాలుగవ మాటను నమ్మి టీ పోసి గ్లాసు పగలగొట్టుకున్న ఇళ్ళు తక్కువేమీ కావు, వాటిలో మాదీ ఒకటి. గాజులో వేడి నెమ్మదిగా పాకుతుంది. మరిగే టీ పోయగానే లోపలి పొర వ్యాకోచిస్తుంది, బయటి పొర ఇంకా చల్లగానే ఉండి సాగడానికి నిరాకరిస్తుంది. గోడ ఎంత మందమైతే ఈ రెండు పొరల మధ్య తేడా అంత ఎక్కువ. నొక్కితే ఓర్చుకునే గాజు లాగితే ఓర్చుకోలేదు, కాబట్టి బయటి పొర చిట్లుతుంది. గ్లాసు కింద పడినప్పుడు మందం కొంత కాపాడవచ్చేమో గానీ వేడిని తట్టుకునే గుణం గాజు రకాన్ని బట్టి వస్తుంది. మామూలు సోడా సున్నపు గాజుతో పోలిస్తే బోరాన్ కలిపిన బోరోసిలికేట్ గాజు వేడికి మూడో వంతు కంటే కాస్త ఎక్కువగా మాత్రమే వ్యాకోచిస్తుంది. అందుకే పలచగా ఉన్నా మరిగే నీటిని తట్టుకుంటుంది. టీ, కాఫీ గాజులో ఇవ్వాలనుకుంటే ఆ పేరు చూసి కొనాలి. ఉన్న మామూలు గ్లాసులే వాడాలనుకుంటే ముందుగా గోరువెచ్చని నీళ్ళతో తొలిచి పోస్తే చాలావరకు నిలుస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులో మాత్రం వేడిది ఎప్పుడూ పోయవద్దు.

అయిదవ మాట మీద ఎక్కువ చెప్పనవసరం లేదు. నాలుక మీద తీపికొక చోటు, పులుపుకొక చోటు ఉన్నాయన్న పటం 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తరువాతివారు అతిగా సాగదీసి గీసినది. 1974లో మళ్ళీ కొలిచినప్పుడు ఆ తేడాలు లెక్కలోకి రానంత చిన్నవని తేలింది. అన్ని రుచులూ నాలుక అన్ని వైపులా తెలుస్తాయి. గ్లాసు ఆకారానికి పని లేదని దీని అర్థం కాదు. సన్నని ఎత్తైన గ్లాసులో గోళీసోడా నురగ ఎక్కువసేపు నిలుస్తుంది, కాడ ఉన్న గ్లాసులో చేతి వేడి పానీయానికి తగలదు, మూతి లోపలికి వంగినదైతే వాసన నిలుస్తుంది. ఈ మూడు అవసరాలు లేని ఇంటికి ఒకే రకం తిన్నటి గ్లాసులు రెండు డజన్లు చాలు.

చివరిది కాగితం కప్పు. కాగితం ఒక్కటే అయితే టీ పోసిన కొద్దిసేపటికే అది నాని కారిపోతుంది. కారకుండా ఆపేది లోపల పూసిన పలచటి పాలిథిన్ పొర. 85 నుంచి 90 డిగ్రీల వేడి ద్రవాన్ని 100 మిల్లీలీటర్లు ఇలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చూపారు. వాటి వల్ల ఒంటికి ఎంత చెరుపన్నది వేరే ప్రశ్న, అసలు ప్లాస్టిక్ లేదన్న మాటకు మాత్రం ఆ అంకె చాలు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, స్ట్రాలు, కలుపుడు పుల్లలు నిషేధించాక కాగితం కప్పుకు లేనిపోని గౌరవం వచ్చింది.

నిజానికి నూరుమంది వచ్చే విందులో కాగితం కప్పు కొనేది ఆరోగ్యం కోసమూ కాదు, పర్యావరణం కోసమూ కాదు, ఆ రాత్రి అన్ని గ్లాసులు ఎవరు తోముతారన్న భయంతో. ఆ భయం న్యాయమైనదే. షామియానా, కుర్చీలు అద్దెకిచ్చే టెంట్ హౌస్‌లోనే స్టీలు గ్లాసులు కూడా వందల్లో అద్దెకు దొరుకుతాయి, తోమే మనిషిని కూడా చాలాచోట్ల వాళ్ళే పంపుతారు. తెచ్చేటప్పుడూ తిరిగి ఇచ్చేటప్పుడూ లెక్క చూసుకోండి, తగ్గిన ప్రతి గ్లాసుకూ డబ్బు కట్టించుకుంటారు.