క్రెడిట్లలో తరుగు

నల్లగొండలో మా ఇంటి వరండాలో ఒక ఆదివారం సాయంత్రం మా అన్నకూ నా కూతురికీ జరిగిన వాదం ఇది. అన్న జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అమ్మాయి హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ బీటెక్ రెండో ఏడు చదువుతోంది. మూడో ఏడు మొదటి సెమిస్టర్ యూరప్‌లో, జర్మనీలోని ఒక యూనివర్సిటీలో, చదివి వస్తానంటోంది. అక్కడ పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లను, అంటే చదువును కొలిచే పాయింట్లను, ఇక్కడి కాలేజీ తన లెక్కలో కలుపుకోవాలి. నేను అమ్మాయి పక్షమే. కానీ అన్న అన్నవాటిలో తోసిపుచ్చలేని మాటలున్నాయి, అందుకే ఇద్దరివీ రాస్తున్నాను.

పెద్దనాన్న: బిడ్డా, బత్తాయి అమ్మబోతే టన్నుకు ఇంత అని తరుగు తీస్తారు. కాయ మనది, కాటా వాళ్లది. నీ క్రెడిట్లకూ అదే గతి పడుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు ఇలాగే వెళ్లాడు. అక్కడ అన్నీ పాసయ్యాడు. తిరిగొస్తే రెండు సబ్జెక్టులు మన సిలబస్‌తో కలవడం లేదన్నారు. జూనియర్ల పక్కన కూర్చుని మళ్లీ చదివాడు. ఏడాది పోయింది.

అమ్మాయి: ఆయన వెళ్లే ముందు కాగితం రాయించుకున్నారా?

పెద్దనాన్న: విభాగం పెద్ద సరేనన్నాడట.

అమ్మాయి: నోటిమాట! దెబ్బ అక్కడే తగిలింది పెద్దనాన్నా. లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక పత్రం ఉంటుంది. ఒక పక్క నేను అక్కడ చదివే సబ్జెక్టులు, రెండో పక్క వాటికి బదులు ఇక్కడ చదవనక్కరలేనివి. కింద మూడు సంతకాలు: నాది, మా కాలేజీది, అక్కడి యూనివర్సిటీది. ఆ మూడూ పడ్డాకే టికెట్ కొంటాను. ఇక తూకం సంగతి. యూరప్‌లో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ, గదిలో కూర్చుని చదువుకునేది కూడా అందులోనే. మనకు వారానికి గంట చొప్పున సెమిస్టర్ అంతా పాఠం వింటే ఒక క్రెడిట్. మాకు ఈ సెమిస్టర్‌కు 20. అక్కడి 6 ఇక్కడి 4 అయితే అది తరుగు కాదు, శేరుకూ కిలోకూ ఉన్న తేడా. మార్కులూ అంతే. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మేలైన మార్కు, 4.0 దాటితే తప్పినట్టు. ఆ సంగతి తెలియనివారి చేతిలో నా 1.3 పడితే ఏమవుతుంది? అందుకే మార్కులను ఎలా మారుస్తారో ఆ పట్టికను కూడా పత్రానికి జతచేయమని అడుగుతున్నాను.

పెద్దనాన్న: ఇంత తంటా దేనికి? ఇక్కడ లేని చదువు అక్కడేముంది?

అమ్మాయి: మా ల్యాబులో పదిమందికి ఒక ఆసిలోస్కోపు, విద్యుత్ సిగ్నళ్లను తెరమీద గీతలుగా చూపించే పరికరం. ఒకరు రీడింగులు తీస్తే తొమ్మిది మందిమి చూసి రాసుకుంటాం. రెండేళ్లలో దాని బటన్లు నేను తిప్పింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

(ముప్పై ఏళ్లు ప్రాక్టికల్స్ చేయించిన మనిషి దీనికి ఏమీ అనలేకపోయారు. మాట డబ్బు మీదికి మళ్లించారు.)

పెద్దనాన్న: ఖర్చు ఎవరు పెడతారు?

అమ్మాయి: ఫీజు ఇక్కడ కట్టేదే. మా కాలేజీకీ ఆ యూనివర్సిటీకీ ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ మళ్లీ ట్యూషన్ ఫీజు లేదు. ఉండటానికీ తినడానికీ అయ్యేది జర్మనీ వీసా కోసం ముందే చూపించాలి, నెలకు 992 యూరోలు. ఆ సొమ్ము మనదే. నెలనెలా తీసుకోవచ్చు.

పెద్దనాన్న: ఆరు నెలలకు ఆరువేల యూరోలు. ఐదున్నర లక్షలకు పైమాటే. మీ నాన్న తోటలో చెట్లు ఎండిపోతుంటే...

అమ్మాయి: అన్నయ్య ఎమ్మెస్‌కు వెళ్లినప్పుడు రెండెకరాలు తాకట్టు పెట్టారు. అప్పుడు తోట ఎవరికీ గుర్తు రాలేదు.

పెద్దనాన్న: వాడి సంగతి వేరు.

అమ్మాయి: ఏమిటి వేరు?

పెద్దనాన్న: వాడికి పట్టా వచ్చింది. నీకొచ్చేది ఒక మార్కుల కాగితం.

అమ్మాయి: పట్టా వస్తుందో రాదో వెళ్లేనాడు ఎవరూ అడగలేదు పెద్దనాన్నా. నన్ను మాత్రం ప్రతి క్రెడిట్‌కూ లెక్క అడుగుతున్నారు.

(తాకట్టు పెట్టింది నేను. ఆ మాట అన్నకు కాదు, నాకు తగిలింది.)

పెద్దనాన్న: సరే, అది వదిలెయ్యి. తేదీలు చెప్పు. నువ్విచ్చిన కాగితాల్లోనే చూశాను, జర్మనీ వాళ్ల శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి. పరీక్షలు ఆ చివర. ఇక్కడ నీ ఆరో సెమిస్టర్ జనవరిలోనే మొదలవుతుంది. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మూడు కాదు, ముప్పై సంతకాలు పెట్టించుకో, ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉంటావు?

(అమ్మాయి కాగితాలు తిరగేసింది. మళ్లీ మొదటికి వచ్చింది. ఈ తేదీలు నేను కూడా చూడలేదు.)

అమ్మాయి: ఇది నేను సరిగ్గా చూసుకోలేదు.

పెద్దనాన్న: ఆ పిల్లవాడు కూడా చూసుకోలేదు.

అమ్మాయి: అయితే జర్మనీ వద్దు. మా కాలేజీకి ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీతోనూ ఒప్పందం ఉంది. అక్కడ సెప్టెంబర్ ప్రాంతంలో మొదలై డిసెంబర్‌లో అయిపోతుంది. జనవరికి ఇక్కడ క్లాసులో ఉంటాను. పరీక్షల తేదీలు రాసి పంపమని రేపే అడుగుతాను. ఖర్చు లెక్క మళ్లీ వేస్తాను. కానీ వెళ్లడం మానను.

పెద్దనాన్న: మానమని ఇప్పుడు నేననలేదు. అక్కడి సిలబస్ ఉందా?

అమ్మాయి: ఫోనులో ఉంది. మనది పుస్తకంలో ఉంది.

పెద్దనాన్న: ఫోనులో నాకు కనబడదు. నువ్వు చదువు.

(అన్న కళ్లజోడు తుడుచుకుని ఎర్ర పెన్ను తీశారు. అమ్మాయి ఒక్కో అంశం చదువుతుంటే మన సిలబస్‌లో దాని పక్కన టిక్కు పెడుతూ పోయారు. చీకటి పడితే నేను లేచి లైటు వేశాను. సిగ్నల్స్ సబ్జెక్టులో మూడు యూనిట్లు సరిపోయాయి. నాలుగో దాని దగ్గర పెన్ను ఆగింది.)

పెద్దనాన్న: జెడ్ ట్రాన్స్‌ఫార్మ్ వాళ్ల దాంట్లో ఉందా?

అమ్మాయి: ఇందులో లేదు. ఇంకో సబ్జెక్టులో ఉందేమో చూడాలి.

పెద్దనాన్న: ఉంటే రెండూ కలిపి ఈ ఒక్కదానికి బదులుగా ఒప్పుకుంటారా అని రాసి అడుగు. సరేనన్నారంటే సంతకం పెట్టి ఇమ్మను.