ఎదుగుతుందిగా!

పర్లాకిమిడి వాళ్లకి హద్దుల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పట్టణం అటు పోయింది, జమీందారీలో కొంత ఇటు మిగిలింది. అప్పట్నుంచీ గీతకి రెండు పక్కలా చుట్టరికాలు నడుపుతూ, రెండు భాషల్లో బేరాలాడుతూ నెగ్గుకొస్తున్నాం. ఇంత అనుభవం ఉన్న జనం, రెండు నెలల పొమేరియన్ కుక్కపిల్లకి బోనులో అడుగున్నర హద్దు గీయమంటే మాత్రం చేతులెత్తేస్తున్నారు.

కారణం మన బుర్రలోనే ఉంది. బడి తెరిచే ముందు పిల్లాడికి చొక్కా కుట్టించినట్టే బోను కొంటాం. ఎదుగుతుందిగా! చొక్కా చేతులు వేళ్ల దాకా వచ్చినా నష్టం లేదు, వాడు రెండేళ్లు మడిచి తొడుక్కుంటాడు. బోనుకి ఆ లెక్క కుదరదు. పొమేరియన్ ఎదిగి ఎదిగి రెండు నుంచి మూడున్నర కిలోలు తూగుతుంది. 24 అంగుళాల బోను దానికి జీవితాంతం చాలు. మనం మోసుకొచ్చేది 42 అంగుళాలది, లాబ్రడార్ కాళ్లు బారజాపుకునేది.

అంత స్థలం దొరగ్గానే కుక్కపిల్ల చేసే మొదటి పని వాస్తు చూసుకోవడం. నైరుతిలో పడక, వాయవ్యంలో స్నానాలగది. పడుకునే చోటు తడుపుకోవడం కుక్కకి గిట్టదు. ఒంటేలు బయటే పోయడం నేర్పే శిక్షణంతా ఆ ఒక్క స్వభావం మీదే నిలబడింది. దానికి మనమే అటాచ్డ్ బాత్‌రూమ్ కట్టించి ఇచ్చాక ఆపుకోవలసిన ఖర్మేంటి?

ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, మూడు నాలుగు అంగుళాలు కలిపితే పొడవు. కూర్చున్నప్పుడు తల పైన రెండు మూడు అంగుళాలుంటే ఎత్తు. నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. ఆపైన ఉన్నదంతా రియల్ ఎస్టేట్. పెద్దది కొనేసిన వాళ్లు, దాంతో వచ్చిన అడ్డజాలీని అటక మీద నుంచి దింపి బిగించండి. పిల్ల పెరిగే కొద్దీ దాన్ని వెనక్కి జరపాలి. జాలీ బదులు అట్టముక్క పెడితే తెల్లారేసరికి అది కడుపులో ఉంటుంది. కింద పాత నూలు చీర నాలుగు మడతలు చాలు. బొంత వేస్తే చింపి దూది మింగుతుంది. లోపలికి పంపేముందు మెడపట్టీ తీసెయ్యండి, బిళ్ల కమ్మీల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది.

ఇక నామకరణం. నానమ్మ దాన్ని జైలు అంటుంది. "పాపం గుంట, ఏం తప్పు సేసిందని జైల్లో ఎట్టేసినారేటి" అని రోజుకి మూడుసార్లు వాదించి, నాలుగోసారి స్వయంగా తలుపు తీసి విడుదల చేయిస్తుంది. చిన్నోడు క్రేట్ అంటాడు. పక్కింటి ఒడియా మావుసి 'ఘొరొ' అంటుంది, ఇల్లని. కుక్కపిల్ల ఈ భాషా వివాదంలో తటస్థంగా ఉండి, ఎవరి మాటా వినదు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊరిది. కుక్కకీ వాడుక భాషే కావాలి, కాకపోతే ఒక పనికి ఒకే మాట. "గూటికి" అనండి, "ఘొరొ" అనండి, అందరూ అదే అనండి. అలిగినప్పుడో చెప్పు కొరికినప్పుడో శిక్షగా అందులో పడేస్తే మాత్రం నానమ్మ మాటే నిజమవుతుంది.

మొదటి రెండు రోజులు తలుపు వెయ్యనే కూడదు. అది ఊగి టంగుమనకుండా తాడుతో కట్టెయ్యండి. అన్నం గిన్నె ముందు గుమ్మంలో, ఆ తర్వాత నడిమిన, తర్వాత లోపలి చివర. మూడోరోజు తింటున్నప్పుడు తలుపు వేసి, తిని ముగించేలోపే తియ్యాలి. తర్వాత పది సెకన్లు, అర నిమిషం, రెండు నిమిషాలు, అయిదు. ఇక్కడిదాకా నిష్ఠగా వచ్చిన కుటుంబం ఆరోరోజు గొళ్లెం పెట్టి టెక్కలి పెళ్లికి వెళ్లిపోతుంది. అయిదు నిమిషాల నుంచి అయిదు గంటలకి లంఘించడం హనుమంతుడికి చెల్లింది. వయసెన్ని నెలలో దానికొకటి కలిపితే అన్ని గంటలు ఆపుకుంటుందని ఒక లెక్క ఉంది గానీ, చిన్న జాతుల మూత్రాశయం ఆ లెక్క చదువుకోలేదు. రెండు నెలల పిల్లని పగటిపూట గంటన్నరకి మించి నమ్మకండి.

రాత్రి బోను మంచం పక్కనే ఉండాలి. మొన్నటిదాకా తల్లి పొట్టకి ఆనుకుని పడుకున్న ప్రాణి అది. వరండాలో పెడితే వీధంతా మేలుకుంటుంది. ఊరికే కూనిరాగం తీస్తుంటే క్షణం ఆగేదాకా చూసి, ఆగినప్పుడు తియ్యండి. పది నిమిషాలు ఏడ్చాక కరిగిపోయారంటే, పది నిమిషాలు ఏడిస్తే గిట్టుబాటవుతుందని మీరే నేర్పినట్టు. నిద్రలోంచి లేచి ఒక్కసారిగా ఏడిస్తే అది ఒంటేలుకే. లైటు వెయ్యకుండా, ముద్దులాడకుండా బయటికి, మళ్లీ గూటికి. చొంగ కారుస్తూ, కమ్మీలకి మూతి రాసుకుంటూ గింజుకుంటే అది మొండితనం కాదు, భయం. తీసేసి, రెండు మెట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి.

నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట అవగానే బయట ఒకే చోటుకి తీసుకెళ్లండి. పని కానిచ్చిన మరుక్షణం అక్కడే బిస్కెట్ ముక్క పెట్టాలి. ఇంట్లోకొచ్చి పెడితే గుమ్మం దాటినందుకు బహుమానం అనుకుంటుంది. పదహారు వారాలకి టీకాలు పూర్తయ్యేదాకా ఆ చోటు మీ పెరడే, వీధి కాదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. ఇంట్లో తడిస్తే అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి. దానికది మూత్రం వాసనే, మళ్లీ రమ్మని పిలుపు.

వంటింటి దౌత్యం ఒకటుంది. మావుసి పఖాళ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం, పంపుతుంది, నానమ్మ పాలన్నం కలుపుతుంది. పాలకి విరేచనాలు పట్టుకుంటే వారం శిక్షణ ఒక్క పూటలో కొట్టుకుపోతుంది. పఖాళలో నంజుకునే ఉల్లిపాయ కుక్క రక్తకణాలనే విరిచేస్తుంది. గీతకి రెండు పక్కలా అది విషమే. అలాగని కడుపు మాడ్చకూడదు. ఇంత చిన్న జాతి పిల్లకి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పడాలి, లేదంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతున్నా, వణుకుతున్నా, వేలాడిపోయినా చిగుళ్లకి తేనె రాసి వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఇందులో వ్యంగ్యం లేదు.

ఏడాది తిరిగేసరికి కుక్క తనంతట తనే వెళ్లి గూట్లో ముడుచుకుంటుంది. జాలీ అవతల 18 అంగుళాలు ఖాళీగా మిగులుతాయి. మన ఇళ్లలో ఖాళీ జాగా ఊరికే ఉండనివ్వరు కదా. కొబ్బరికాయలు పోసుకోండి, గొడుగులు దోపుకోండి. ఉల్లిపాయలు మాత్రం ఆరబెట్టకండి.