పిలుపు సరే, తిరిగొస్తే సీటుంటుందా?

2025 మే రెండో వారంలో, పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ, రెండు ఉత్తర్వులు వెంటవెంటనే బయటికొచ్చాయి. ఒకటి, టెరిటోరియల్ ఆర్మీ (మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ పిలిచినప్పుడు సైన్యంలో పనిచేసేవాళ్ల దళం) వాళ్లను విధుల్లోకి పిలిచే అధికారాన్ని ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ, ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించడానికి అనుమతి. రెండోది, ఉత్తరాన, పడమరన 32 విమానాశ్రయాల మూసివేత, మే 15 తెల్లవారేదాకా. మొదటిదాంతో ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న వాళ్లు బీరువాలోని యూనిఫాం బయటికి తీశారు. రెండోదాంతో ఆ రూట్ల విమానాలు నేల మీదే నిలిచిపోయాయి, వాటి పైలట్ల రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) తెల్లకాగితాలయ్యాయి. అంటే యుద్ధం వాకిట్లోకొచ్చిన వారంలోనే విమానం నడపడం బాగా వచ్చిన కొందరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లను పిలిచి, పని చేయించుకుని, మళ్లీ తెచ్చి అదే సీట్లో కూర్చోబెట్టే ఏర్పాటు ఈ దేశంలో లేదు. ఉండాలన్నదే ఈ వ్యాసం వాదన.

చట్టం లేక కాదు. రిజర్వ్, ఆక్సిలరీ ఎయిర్‌ఫోర్సుల చట్టం 1952లోనే వచ్చింది. ఎయిర్‌ఫోర్స్ వదిలి వెళ్లినవాళ్లతో ఒక రిజర్వు, పౌర జీవితంలో ఉంటూ ఎగరడం తెలిసినవాళ్లతో ఇంకోటి, తీరిక వేళల్లో శిక్షణ పొందేవాళ్లతో ఆక్సిలరీ దళం అని దాన్ని చక్కగానే అల్లారు. 1950లలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు వంటి చోట్ల ఆక్సిలరీ స్క్వాడ్రన్లు నిలబడ్డాయి కూడా. తర్వాత అవి రెగ్యులర్ ఎయిర్‌ఫోర్స్‌లో కలిసిపోయాయి, పార్ట్‌టైం పైలట్ అన్న మాటే జనం నోట్లోంచి పోయింది. ఇవాళ రిజర్వు అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ ధోనీ ఒక్కడే.

ఆ కాలపు చట్టాలకు కోరలు ఎంతున్నాయో టెరిటోరియల్ ఆర్మీ చట్టం 7ఎ సెక్షన్ చూస్తే తెలుస్తుంది. సైనిక విధికి వెళ్లినవాడు తిరిగొస్తే, వెళ్లకుండా ఉంటే ఏ స్థితిలో ఉండేవాడో అంతకు తగ్గని షరతులతో ఉద్యోగం ఇవ్వడం యజమాని బాధ్యత అంటుంది. బాగుంది. అయితే, 'కుదరదు' అని యజమాని చెప్పుకునే దారీ అందులోనే ఉంది. నిర్ణీత అధికారి ఒప్పుకుంటే మినహాయింపు, లేదంటే ఆరు నెలల జీతం మించని పరిహారం. అధికారి మాట కూడా వినకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా. విమానంలో పక్క సీటు ముందే బుక్ చేసుకోవడానికే అంతవుతోంది!

పోల్చి చూడండి. పైలట్లకు విమానయాన సంస్థ వదిలి వెళ్లాలంటే నోటీసు గడువు కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు. 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన ఇది. ప్రయాణికుల ఇబ్బంది, ప్రజాప్రయోజనం అని కారణం చెప్పారు. ప్రజాప్రయోజనం పేరు చెప్పి ఒక మనిషిని ఏడాది పాటు కంపెనీకి కట్టేయగల ప్రభుత్వం, అదే ప్రజాప్రయోజనం కోసం ఆ మనిషిని ఏటా ఇరవై ఎనిమిది రోజులు కంపెనీ నుంచి తీసుకోలేదా?

అమెరికా ఈ ముడిని 1994 నాటి చట్టంతో విప్పుకుంది. నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు రిజర్వు డ్యూటీ. పిలుపొస్తే మొత్తం మీద ఐదేళ్ల దాకా ఉద్యోగం భద్రం. వాళ్లు దాన్ని ఎస్కలేటర్ సూత్రం అంటారు. నువ్వు దిగి వెళ్లినా మెట్లు కదులుతూనే ఉంటాయి, తిరిగొచ్చినప్పుడు మొదటి మెట్టు మీద కాదు, ఈపాటికి ఎక్కడ ఉండేవాడివో అక్కడ నిలబడతావు. సీనియారిటీయే సర్వస్వమైన పైలట్ వృత్తికి ఇది ప్రాణం. ఏ రూటు, ఏ బేసు, ఎప్పుడు కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా పదోన్నతి), అన్నీ ఆ వరుస నంబరే తేలుస్తుంది. అక్కడా గొడవలు లేకపోలేదు. పండగ వారం రాగానే రిజర్వు సెలవు పెడుతున్నారని కంపెనీలు సణుగుతాయి, జ్యూరీ డ్యూటీకి జీతం ఇచ్చి సైనిక డ్యూటీకి ఎందుకివ్వరని పైలట్లు కోర్టుకెక్కుతారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కేసులో 2021లో అప్పీలు కోర్టు పైలట్ దావాకు తలుపు తెరిచింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు, కోస్ట్‌గార్డ్ రిజర్వులో పనిచేసిన ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కి జీతం తేడా చెల్లించాల్సిందేనంది. గొడవ కోర్టు దాకా వెళ్లిందంటేనే హక్కు ఉన్నట్టు. మన దగ్గర ఆ గొడవ కూడా లేదు.

ఎదుటి వాదన ఒకటుంది, బలమైనదే. యుద్ధం వస్తే విమానయాన సంస్థలకూ అదే పైలట్లు కావాలి కదా, ఒకే మనిషిని రెండు జాబితాల్లో లెక్కపెడితే ఎలా? 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను తెచ్చింది ముఖ్యంగా ఎయిర్ ఇండియాయే, రిజర్వు చట్టం ఏదీ వాడలేదు. నిజమే. అందుకే అందరినీ జాబితాలో పెట్టమనడం లేదు. ఏ కంపెనీలోనైనా నూటికి ఇంతమంది అని పరిమితి పెట్టాలి.

ఇక అసలు సంగతి. దీన్ని దేశభక్తి ఉపన్యాసంతో నడిపితే మూడు నెలల్లో మూలపడుతుంది. ఇది రోస్టర్ లెక్క. మన నిబంధనల ప్రకారం పైలట్ వారానికి 35 గంటలు, ఏడాదికి 1000 గంటలు మించి ఎగరకూడదు. కొత్త నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా అయింది. ఈ మార్పుకు తగినంత మందిని సిద్ధం చేసుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఇండిగో చూపించింది. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు, చివరికి రాత్రి నిబంధన నుంచి ఆ సంస్థకు ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు.

ఇలాంటి రోస్టర్‌లో అమెరికా పద్ధతిలో 'నెలకో వారాంతం' దూర్చారనుకోండి. శనివారం ఉదయం మిలటరీ విమానం, ఆదివారం సాయంత్రం దాకా డ్యూటీ, సోమవారం తెల్లవారి 5 గంటలకు ఎయిర్‌లైన్ రిపోర్టింగ్. ఆ 48 గంటల విశ్రాంతి కాగితం మీద ఉంటుంది, ఒంట్లో ఉండదు. అమెరికా లెక్కలో కూడా ఇదే చిల్లు. వాళ్ల ఎగిరే గంటల పరిమితి విమానయాన సంస్థల తరఫున ఎగిరిన గంటలనే లెక్కిస్తుంది, సైనిక గంటలు ఆ లెక్కలోకి రావు. మనం ఆ తప్పు చేయనక్కర్లేదు. వారాంతాలు వద్దు, ముక్కలు వద్దు. ఏడాదికి రెండు విడతలు, ఒక్కోటి 14 రోజులు, ముందు వెనక విశ్రాంతి విడిగా. ఒక విడత రద్దీ తగ్గే జులై-సెప్టెంబరు మధ్య, ఇంకోటి ఫిబ్రవరిలో. మిలటరీలో ఎగిరిన ప్రతి గంటా అదే ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్‌లో, అదే 1000 లోంచి తీసివేత.

భారం ఎంత? వంద మంది రిజర్విస్టులు, తలా 28 రోజులు. అంటే 2800 రోజులు, 365తో భాగిస్తే ఏడాది పొడుగునా సుమారు ఎనిమిది మంది తక్కువైనట్టు. 2023లో ఒకరు 500, ఇంకొకరు 470 విమానాలకు ఆర్డరిచ్చిన సంస్థలు మోయలేని బరువా ఇది? ఆ ఎనిమిది మంది జీతం రక్షణ బడ్జెట్‌లోంచి కంపెనీకి తిరిగివ్వండి. సణుగుడు అక్కడితో సగం ఆగుతుంది.

చిక్కంతా 14 రోజుల్లో లేదు, అసలు పిలుపు వచ్చి నెలలు గడిచినప్పుడు ఉంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేయకపోతే ప్రయాణికులతో ఎగిరే అర్హత ఆగుతుంది. సిమ్యులేటర్‌లో (నేల మీదే విమానం నడిపినట్టు శిక్షణ ఇచ్చే యంత్రంలో) చేసి తెచ్చుకోవచ్చు. ఆరు నెలలు దాటితే ప్రొఫిషియెన్సీ చెక్ (నైపుణ్య పరీక్ష) గడువు కూడా దాటిపోతుంది, అప్పుడు చెక్ కోసం ఎగ్జామినర్ కావాలి, సిమ్ స్లాట్ కావాలి. ఒక్కో సెషన్ నాలుగు గంటలు, జంటగానే కూర్చోవాలి. ఒకరు తిరిగొస్తే పర్వాలేదు. మోహరింపు ముగిసి ఒకే వారంలో వందమంది తిరిగొస్తే, వాళ్లంతా లైన్‌లో నిలబడేది ఆ కొద్ది సిమ్యులేటర్ల ముందే. అప్పుడు 'సీటు ఇచ్చాం కదా, చెక్ అయ్యాక రమ్మనండి' అని కంపెనీ చేతులు దులుపుకోవచ్చు, చట్టం మీరినట్టూ కాదు. ఆ మధ్య కాలానికి ఫ్లయింగ్ అలవెన్స్ ఎవరిస్తారు? పైలట్ జీతంలో పెద్ద ముక్క ఎగిరిన గంటల మీదే వస్తుంది. తిరిగి చెక్ చేయించే ఖర్చు, ఆ రోజుల అలవెన్స్ రెండూ పిలిచినవాళ్లే భరించాలని రాయకపోతే మిగతా హక్కులన్నీ అలంకారమే.

మెడికల్ సంగతి మాత్రం మన దగ్గర నయం. ఎయిర్‌లైన్ పైలట్లకు అవసరమైన క్లాస్-1 వైద్య పరీక్షలు బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ వంటి ఎయిర్‌ఫోర్స్ కేంద్రాల్లోనూ చేస్తారు కాబట్టి సైనిక వైద్య పరీక్ష, పౌర లైసెన్సు మెడికల్ ఒకే రోజు ఒకే బోర్డు ముందు ముగించొచ్చు. బీమా అలా కాదు. లైసెన్సు పోతే డబ్బిచ్చే పాలసీల్లో యుద్ధం సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటుంది. రిజర్వు డ్యూటీలో నడుం విరిగినవాడికి ఆ పాలసీ నుంచి ఏమీ దక్కకపోవచ్చు.

ఏ విమానాలకు ఈ రిజర్వు? ఫైటర్లకు కాదు. ఆ నైపుణ్యం వారం వారం పదును పెట్టకపోతే మొద్దుబారుతుంది. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు వెళ్లిపోయాక ఉండాల్సిన 42కి 29 ఫైటర్ స్క్వాడ్రన్లే మిగిలాయని బెంగపడేవాళ్లకు ఈ రిజర్వు మందు కాదు. కానీ నేవీ పి-8ఐ చూడండి. సముద్రం మీద జలాంతర్గాములను వెతికే ఆ 12 విమానాలు బోయింగ్ 737-800 ఒళ్లు మీద కట్టినవే. రోజూ 737 నడిపే కెప్టెన్‌కి ఇంజన్లు, హైడ్రాలిక్స్, చెక్‌లిస్టు నడక చాలావరకు తెలిసినవే. నేర్చుకోవాల్సింది నీళ్లకు దగ్గరగా గంటల తరబడి తిరగడం, వెనక కూర్చున్న ఆపరేటర్లతో కలిసి పనిచేయడం. నేవీ నుంచే వచ్చినవాడైతే అదీ వచ్చు. రేపు రానున్న నేత్ర మార్క్-2 రాడార్ విమానాలు ఎయిర్ ఇండియా వాడి వదిలిన ఎ321లపై కడుతున్నవి. ఎ320 కుటుంబం నడిపే పైలట్లు ఈ దేశంలో ఎంతమంది! డోర్నియర్లు (చిన్న నిఘా విమానాలు), రవాణా విమానాలు, శిక్షణ పాఠశాలల్లో ఇన్‌స్ట్రక్టర్ సీటు, ఇవన్నీ పార్ట్‌టైం మనిషికి నప్పే పనులు.

ఈ లెక్క ఉత్తరాంధ్రలో కుదిరినంత బాగా ఇంకెక్కడా కుదరదు. విశాఖ రన్‌వే నేవీది, ఐఎన్‌ఎస్ డేగా. నేవీ ఫ్లయింగ్ గంటల్లో పౌర విమానాలకు స్లాట్లు దొరక్క ఇన్నేళ్లూ తగాదా. పౌర విమానాలు భోగాపురం తరలితే ఆ రన్‌వేకి ఊపిరాడుతుంది. డేగాలో ఒక రిజర్వు డోర్నియర్ దళం, భోగాపురంలో ఎయిర్‌లైన్ బేస్, మధ్యలో పదహారో నంబరు హైవే. 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూలు విజయనగరం జిల్లాలో ఆఫీసర్లను తయారుచేస్తోంది. వాళ్లలో ఎగిరే శాఖకు వెళ్లినవాళ్లు షార్ట్ సర్వీసు (కొన్నేళ్లకే పరిమితమైన కొలువు) ముగించుకుని ఎయిర్‌లైన్‌లో చేరితే, గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఫ్లాట్ కొనుక్కోవడం తప్ప దారి లేదు. ఇక్కడ బేసూ, ఇక్కడే రిజర్వూ ఉంటే వాళ్లు ఇంటికొస్తారు. పౌర విమానయాన శాఖను అశోక్ గజపతిరాజు రూపంలో విజయనగరం, రామ్మోహన్ నాయుడి రూపంలో శ్రీకాకుళం చూశాయి. టెర్మినల్ కట్టడంతో పాటు సిమ్యులేటర్లు తెప్పించడం కూడా ఆ శాఖ పనే.

నిజానికి పైలట్ సంగతి తేలిక. అతనికి సంఘం ఉంది, లాయరు ఉన్నాడు, ఖాళీ అయిన సీటు అందరికీ కనిపిస్తుంది. ఆమదాలవలస స్టేషన్‌లో తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాసిన నల్ల ట్రంకుపెట్టె దింపుకునే కుర్రాడి మాటేమిటి? 2023 జనవరిలో శిక్షణ మొదలెట్టిన ఆర్మీ తొలి అగ్నివీరుల నాలుగేళ్లు నిండేసరికి నలుగురిలో ముగ్గురు ఇంటిదారి పట్టాలి. వాళ్లలో ఒకడు పైడిభీమవరంలో ఏ ఫ్యాక్టరీలోనో కాంట్రాక్టు పనికి చేరి, టెరిటోరియల్ ఆర్మీలోనూ పేరు రాయించుకున్నాడనుకుందాం. ఏటా శిక్షణ క్యాంపు రెండు నెలలు. 7ఎ సెక్షన్‌లో అతని 'యజమాని' ఎవరు? గేటు లోపలి కంపెనీ 'మావాడు కాదు, కాంట్రాక్టరు మనిషి' అంటుంది. కాంట్రాక్టరు 'నా దగ్గర ఖాళీ లేదు' అంటాడు. వెయ్యి రూపాయల జరిమానాకు ఇద్దరిలో ఎవరూ జడవరు. పైలట్ల కోసమని ఆ సెక్షన్‌ను తిరగరాసేటప్పుడు యజమాని అన్న మాటకు అసలు కంపెనీని కూడా చేర్చాలి, జరిమానాను జీతంతో ముడిపెట్టాలి. లేకపోతే ఆ కుర్రాడు క్యాంపు నుంచి దిగి ఫ్యాక్టరీకి వెళ్లేసరికి, గేటు పాసు మీద కాంట్రాక్టరు పేరే మారిపోయి ఉంటుంది.