హుకౌ మాట ఎత్తలేదేం?
చైనా మాజీ అధ్యక్షుడు హు జింటావో, మాజీ ప్రధాని వెన్ జియాబావోల పాలనలో అక్కడి పల్లెలకు మేలు జరిగిందని వ్యాసంలో రాశారు. నిజమే, 2006లో వ్యవసాయ పన్ను ఎత్తేయడం చిన్న విషయం కాదు. మరి హుకౌ అనే నివాస నమోదు పద్ధతి సంగతో? పుట్టిన ఊరికి కట్టేసే ఆ రిజిస్ట్రేషన్ వల్లే పల్లెల నుంచి వెళ్లినవాళ్లు షెన్‌జెన్ నగరం ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి పనిచేసినా పరాయివాళ్లే. పిల్లల్ని అక్కడి గవర్నమెంటు బడిలో చేర్చాలంటే సవాలక్ష కాగితాలు. చాలామంది ఊళ్లో తాతా నాయనమ్మల దగ్గరే వదిలేశారు. 2003లో గ్వాంగ్‌జౌలో సన్ జిగాంగ్ అనే యువకుణ్ణి తాత్కాలిక నివాస పర్మిట్ లేదని పట్టుకెళ్లారు, నిర్బంధంలోనే కొట్టి చంపారు. ఓ పత్రిక బయటపెట్టి, జనం మండిపడ్డాకే ఆ నిర్బంధ పద్ధతి రద్దయింది. దీన్ని నాయకుల దయ అనలేం. పైగా ఆ పత్రిక బాధ్యుల్ని మరుసటి ఏడాదే అవినీతి కేసులో అరెస్టు చేశారు.